ఇల్లు కట్టినవారి లెక్క, ఇంట్లో ఉండేవారి లెక్క



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము మీద నేను నా జీవితములో ఒక్క ప్రసంగము కూడా వినలేదు. నలభై ఏండ్లుగా సండే స్కూలులో పాఠములు చెప్పుచున్నాను గాని, నేనూ దానిమీద ఒక్క పాఠము చెప్పలేదు. కొత్తగా ఇల్లు కట్టేవాడు దాని మిద్దె చుట్టూ పిట్టగోడ పెట్టవలెనని, పెట్టనందువలన ఎవరైనా పడితే ఆ ప్రాణము లెక్క ఆ ఇంటికే వచ్చునని అక్కడ చెప్పబడినది. ఆ దేశములో మిద్దె అంటే మనుష్యులు తిరిగే చోటు. రాహాబు వేగులవారిని దాచినది మిద్దెమీదనే. పేతురు ప్రార్థనకు ఎక్కినది మిద్దెమీదికే. వేసవిలో పడకలు కూడా అక్కడే.

ఈ ఆజ్ఞ ఎవరికి చెప్పబడినదో చూడండి. మిద్దెమీద నడిచేవానికి జాగ్రత్తగా నడువుమని చెప్పలేదు. కట్టేవానికి చెప్పినది. అదికూడా, ఒకడు పడిన తరువాత కాదు, ఇంకా ఎవరూ ఎక్కకముందే. పిట్టగోడకు ఇటుకలు మిగిలినవా లేదా అనే ప్రశ్న అక్కడ లేనే లేదు.

ఇంత కాలము విడిచిపెట్టిన వచనము ఇప్పుడు ఎందుకు గుర్తుకు వచ్చినదంటే, వచ్చే అసోసియేషను సభలో ఒక తీర్మానము మన ముందుకు రాబోవుచున్నది. ఒక విశ్వాసి కుటుంబము ఇచ్చిన స్థలములో, పదవీ విరమణ చేసిన పాస్టర్లకు, పాస్టర్ల విధవరాండ్రకు ఇళ్ళు కట్టవలెనని. ముప్పై, నలభై ఏండ్లు పాస్టరేజిలో కాపురము చేసి, రిటైరైన నెలలోనే సామాను ఎక్కడ దింపుకోవాలో తెలియని సేవకులను మనము అందరమూ చూచినవారమే. కనుక తీర్మానమునకు ఎవరూ అడ్డు చెప్పరు. చిక్కు ఒక్కటే. చేతిలో ఉన్న సొమ్ముకు సిమెంటు రేకులు వేసి, సన్నని గోడలు లేపితే ఎనిమిది ఇళ్ళు అవుతాయి. ఎండను ఆపే కప్పు, గాలి ఆడే గదులు పెట్టి కట్టితే ఆరే అవుతాయి. ఎనిమిదా, ఆరా? ఇది మేస్త్రీ తేల్చే లెక్క అని కొందరి అభిప్రాయము. నాకు ఇది ధర్మశాస్త్రపు ప్రశ్నగా కనబడుచున్నది. ఎందుకు అలా కనబడుచున్నదో చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

2009లో మా సంఘము కాంపౌండులో, దిక్కులేని వృద్ధ స్త్రీలకు నాలుగు గదులు కట్టినాము. మాది బళ్ళారి వైపు ఊరు. మే నెలలో మధ్యాహ్నము కాకులు కూడా కనబడవు. బిల్డింగు కమిటీ కార్యదర్శిని నేనే. మేస్త్రీ రెండు ఎస్టిమేట్లు ఇచ్చినాడు. ఒకటి మంగుళూరు పెంకు, క్రింద చెక్క సీలింగుతో. రెండవది సిమెంటు రేకులు. రెండవదానిమీద నేను సంతకము పెట్టినాను. మిగిలిన డబ్బుతో గుడిలో వేదికకు టైల్సు వేయించి, కొత్త మైకు సెట్టు కొన్నాము. ప్రతిష్ఠ దినమున నాలుగు తాళపుచెవులు నలుగురు అవ్వల చేతులలో పెట్టి ఫోటో తీయించినాము. ఆ ఫోటోలో నేను కుడివైపు నిలబడి ఉన్నాను.

తరువాతి మే నెలలో ఆ నలుగురూ ఉదయము తొమ్మిది గంటలకే గదులకు తాళాలు వేసి వేపచెట్టు క్రిందికి వచ్చి కూర్చుండేవారు. సాయంత్రము ఏడు దాటినగాని లోపలికి పోరు. ఒకనాడు నేను అటుగా పోవుచుండగా వారిలో ఒక అవ్వ, “నాయనా, మీరు రాత్రికి ఇల్లు ఇచ్చినారు. పగటికి కూడా ఒకటి ఇప్పించండి” అన్నది. హాస్యమాడినదనుకొని నవ్వి వచ్చేసినాను.

ఆ తరువాత వారు తలా ఒక టేబుల్ ఫ్యాను సంపాదించుకొన్నారు. రేకు క్రింద ఫ్యాను ఏమి చేస్తుంది? వేడిగాలిని ముఖముమీదికి కొట్టుతుంది. అయినా రాత్రీ పగలూ తిప్పినారు. సంఘము కరెంటు బిల్లు పెరిగినది. కమిటీలో మేము కూర్చుండి, చర్చించి, ఆ నాలుగు గదులకు వేరే మీటరు పెట్టించి, ఎవరి బిల్లు వారే కట్టుకోవాలని తీర్మానించినాము. మినిట్సు పుస్తకములో ఆ తీర్మానము నా చేతివ్రాతతోనే ఉన్నది. రేకులు వేసి మేము మిగుల్చుకొన్న సొమ్మును పెన్షను డబ్బులలోనుండి నెలనెలా ఆ అవ్వలచేత కట్టించుచున్నామని ఆనాడు నాకు తోచలేదు. నాకు మాత్రమే కాదు, కమిటీలో ఎవరికీ తోచలేదు. మేమందరమూ మంచివారమే.

ఇన్ని ఏండ్ల తరువాత అది తోచినది ఒక దూరదేశపు వీధివలన. మా చెల్లెలి మనుమరాలు ఇంగ్లండులో నార్విచ్ పట్టణములో నర్సు. ఆమె పని ముగించుకొని నడిచివచ్చే దారిలో గోల్డ్‌స్మిత్ స్ట్రీట్ అనే వీధి ఉన్నది. ఫోటోలు పంపి, “తాతయ్యా, ఇవి పేదవారికి గవర్నమెంటు అద్దెకు ఇచ్చే ఇళ్ళంట, నమ్ముతావా?” అని అడిగినది. ఇటుక గోడల వరుస ఇళ్ళు, చక్కని తలుపులు, వెనుక సందులో పిల్లలు ఆడుకొనే చోటు. నమ్మశక్యముగా లేదు. అప్పటినుండి ఆ వీధిని గురించి దొరికినంతవరకు చదివినాను.

అవి నార్విచ్ నగర కౌన్సిలు కట్టించిన ఇళ్ళు, దాదాపు నూరు. తక్కువ అద్దెకు, స్థిరమైన హక్కుతో ఇచ్చినవి. 2019లో బ్రిటనులో కట్టడములకు ఇచ్చే అన్నిటికంటె పెద్ద బహుమానము, స్టిర్లింగ్ ప్రైజు, ఈ వీధికి ఇచ్చినారు. 1996నుండి ఇచ్చుచున్న ఆ బహుమానము కౌన్సిలు ఇళ్ళకు రావడము అదే మొదటిసారి. మ్యూజియములు, వంతెనలు, విశ్వవిద్యాలయములు గెలుచుకొనే బహుమానము అది.

ఆ ఇళ్ళు ‘పాసివ్‌హౌస్’ అనే కొలతకు కట్టినవి. ఆ కొలత పుట్టినది జర్మనీలో. బో ఆడమ్సన్ అనే స్వీడను ప్రొఫెసరు, వుల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ అనే జర్మను శాస్త్రవేత్త ఆలోచించి, డార్మ్‌స్టాట్ పట్టణములో మొదటి ఇళ్ళు కట్టించినారు. 1991లో వాటిలో కాపురము మొదలైనది. సంగతి చాలా సులువు. చలిదేశములో ఇల్లు వేడి చేయుటకు పొయ్యి మీద పొయ్యి పెట్టుట కంటె, ఉన్న వేడి బయటికి పోకుండా ఇంటినే దుప్పటివలె కట్టుట మేలు. గోడలకు, కప్పుకు, నేలకు మందమైన పొర. కిటికీలకు మూడు అద్దాలు. ఎక్కడా సందు లేకుండా బిగింపు. లోపలి చెడ్డగాలి బయటికి పోవునప్పుడు దాని వేడిని లోపలికి వచ్చే మంచిగాలికి అందించే యంత్రము ఒకటి. ఇంతే. ఇంటిని వెచ్చగా ఉంచుటకు చదరపు మీటరుకు ఏడాది పొడవునా 15 యూనిట్లకు మించి అవసరము పడకూడదు. మన కరెంటు బిల్లులో ఉండే యూనిటే అది. బిగింపు సరిగా ఉన్నదో లేదో ఇల్లు పూర్తి అయిన తరువాత పెద్ద ఫ్యాను పెట్టి పరీక్షిస్తారు. మాటమీద ఒప్పుకోరు.

నార్విచ్ ఇళ్ళలో గోడల మందము 600 మిల్లీమీటర్లకు పైనే, అంటే రెండడుగులు. ముందు వరుస ఇళ్ళ నీడ వెనుక వరుసమీద పడకుండా కప్పులను 15 డిగ్రీల వాలులో పెట్టినారు. శీతకాలములో అక్కడ సూర్యుడు బహు క్రిందుగా నడుస్తాడు గనుక ఆ కాస్త ఎండను ఎవరూ ఎవరికీ అడ్డుకోకూడదని. నన్ను ఎక్కువగా ఆపినది మాత్రము చాలా చిన్న సంగతి. ఉత్తరాల పెట్టె. ఆ దేశములో తలుపుకే ఒక చీలిక ఉంటుంది, పోస్టుమాను దానిలోనుండి ఉత్తరము వేస్తాడు. ఆ చీలికగుండా చలిగాలి లోపలికి వస్తుందని, ఈ వీధిలో ఉత్తరాల పెట్టెను తలుపుకు కాక బయటి వసారా గోడకు పెట్టినారు. అద్దె ఇంట్లో ఉండబోవు ముక్కు మొగము తెలియని ఒక ముసలామె పాదములకు జనవరిలో చలిగాలి తగులుతుందని, గీత గీసే కాగితము దగ్గర ఒకరు కూర్చుండి ఆలోచించినారు. మేము మైకు సెట్టు గురించి ఆలోచించినాము.

ఆ ఇళ్ళలో కరెంటు, గ్యాసు ఖర్చు ఆ దేశపు సగటు ఇంటికంటె 70 శాతము తక్కువ ఉండునని బహుమానము ఇచ్చినప్పుడు అంచనా చెప్పినారు. అంచనా అంచనాయే; కాపురము తీరునుబట్టి కొంత అటూ ఇటూ కావచ్చును. అయితే దాని వెనుక ఉన్న లెక్క నాకు అర్థమైనది. ఒక ఇంటి ఖర్చు రెండు భాగములు. ఒకటి కట్టునప్పుడు కట్టినవాడు పెట్టేది. అది ఒక్కసారితో తీరుతుంది, రసీదు ఉంటుంది, ఆడిటరు చూస్తాడు, రిపోర్టులో చదువుతారు. రెండవది ఆ తరువాత అరవై ఏండ్లు లోపల ఉండేవారు పెట్టేది. కొంత డబ్బు రూపముగా, కొంత శరీరము రూపముగా. దానికి రసీదు లేదు, ఏ వార్షిక సభలోనూ చదవరు. మొదటిదానిలో తగ్గించినప్పుడెల్లా ఎక్కువసార్లు రెండవదానిలో పెరుగుతుంది. గోపురము కట్టబోవువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనునని లూకా 14లో ప్రభువు చెప్పిన మాటను మనము చందాలు ఎత్తునప్పుడెల్లా వాడుచున్నాము. ఆ గోపురమునకు డబ్బు ఇచ్చేవాడు, కట్టేవాడు, ఉండేవాడు ఒక్కడే. మన ఇళ్ళ విషయములో ముగ్గురూ వేరు. కనుక మనము చూచుకొనే లెక్క సగమే.

అదే ఇంగ్లండులో ఈ సగము లెక్క ఎక్కడికి తీసుకొనిపోయినదో కూడా చెప్పాలి. అక్కడ అన్నీ గోల్డ్‌స్మిత్ వీధులే అనుకొంటే పొరపాటు. రాచ్‌డేల్ అనే పట్టణములో, పేదలకు ఇళ్ళు అద్దెకిచ్చే ఒక సంస్థవారి ఫ్లాటులో, వలస వచ్చిన కుటుంబము ఒకటి ఉండేది. గాలి సరిగా ఆడని ఇల్లు. గోడలకు చెమ్మ, నల్లని బూజు. తండ్రి మరల మరల ఫిర్యాదు చేసినాడు. పైన రంగు వేసుకొమ్మన్నారు. 2020 డిసెంబరులో రెండేండ్లు నిండిన కొద్ది దినములకే ఆ ఇంటి పిల్లవాడు చనిపోయినాడు. ఆ బూజు గాలిని ఎక్కువ కాలము పీల్చుటవలన ఊపిరితిత్తులు చెడి చనిపోయినాడని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చినారు. ఇల్లు ఇచ్చినవారు ఏమనుకొన్నారో తెలుసునా? ఆ కుటుంబము బ్రతికే తీరువలననే చెమ్మ వచ్చుచున్నదని అనుకొన్నారు. అది తమ పొరపాటని తరువాత వారే ఒప్పుకొన్నారు. 2023లో పార్లమెంటు చేసిన చట్టములో, ఇలాంటి లోపములను గడువులోపల బాగుచేయవలెనని పెట్టిన నియమమును ఆ బిడ్డ పేరుతోనే పిలుచుచున్నారు.

పిట్టగోడ వచనమును దీని ప్రక్కన పెట్టి చదివినాను. మిద్దెమీదనుండి పడితే అందరూ చూస్తారు, పిట్టగోడ లేదని వెంటనే తెలుస్తుంది. చెమ్మ, చలి, ఎండ అలా కాదు. మెల్లగా పనిచేస్తాయి. అందుచేత తప్పు ఉండేవానిమీదికి పోతుంది. కిటికీ తెరచుకోలేదు, నీళ్ళు త్రాగలేదు, ఫ్యాను ఎక్కువ తిప్పినారు అంటాము. మన నలుగురు అవ్వలలో ఒకరు 2012 మే నెలలో ప్రభువునందు నిద్రించినారు. ఎండవలన అని ఏ డాక్టరూ వ్రాయలేదు, నేనూ అనను. ఎనభై దాటిన మనిషి. కాని నేను అనలేను అన్నంత మాత్రమున ఆ గది లెక్కలోనుండి తప్పించుకొంటుందా అనేది రాత్రిపూట నాకు వచ్చే ప్రశ్న.

ఇక్కడ మీలో కొందరు, అది చలిదేశపు గొడవ, మనకెందుకు అనవచ్చును. నిజమే, రెండడుగుల గోడ, మూడు అద్దాల కిటికీ ఇక్కడికి తెచ్చిపెట్టమని నేను చెప్పను. మనకు కావలసినది వేడిని లోపల ఉంచుట కాదు, బయట ఉంచుట. కాని చంపుటలో ఎండ చలికంటె తక్కువ కాదు. 1998లో ఒడిశాలో వడగాలికి రెండువేలకు పైగా మనుష్యులు చనిపోయినారు. 2015లో దేశమంతటా అంతకంటె ఎక్కువమంది. వారిలో అధికభాగము ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. మన వారే.

ఎండ మన ఇళ్ళలోనికి వచ్చే దారులు ఎక్కువ లేవు. మొదటి దారి కప్పు. రేకు పగలు కాలి క్రిందికి వేడి క్రుమ్మరిస్తుంది. స్లాబు పగలంతా ఎండను త్రాగి రాత్రి కక్కుతుంది, అందుకే మిద్దె ఇంట్లో రాత్రి రెండింటికి కూడా నిద్ర పట్టదు. రెండవ దారి పడమటి గోడ, దానికి కిటికీ ఉంటే మరీను. మూడవది, వచ్చిన వేడి పోవుటకు ఎదురెదురు కిటికీలు లేకపోవుట. ఈ మూడూ కాగితముమీద గీతలు గీయునాడే తేలిపోవుచున్నవి. తరువాత మార్చాలంటే పదింతల ఖర్చు.

2018లో కేంద్ర ప్రభుత్వము ఇళ్ళకోసము ‘ఎకో నివాస్ సంహిత’ అని ఒక నియమావళి తెచ్చినది. చలి ప్రాంతములు తప్ప మిగతా చోట్ల, గోడలు కిటికీల గుండా లోపలికి వచ్చే వేడి చదరపు మీటరుకు సగటున 15 వాట్లు మించరాదని అందులో ఒక హద్దు ఉన్నది. ఆ సంఖ్య పెద్ద పెద్ద స్థలములలో కట్టేవాటికి. మన నాలుగు గదులను అది అడగదు. గుజరాతులోని రాజ్‌కోట్ నగరములో ప్రధానమంత్రి ఆవాస్ యోజన క్రింద పేదలకు కట్టిన 1,176 ఫ్లాట్లలో, రెక్కలు పూర్తిగా తెరుచుకొనే కిటికీలు, గాలిని పైకి లాగే గొట్టపుదారి, వేడిని ఆపే కప్పు పెట్టి ఇలాంటి ఆలోచన చేసి చూపించినారు. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానము ప్రకటించి, ప్రభుత్వము పేదలకు కట్టే ఇళ్ళకు దానిని తప్పనిసరి చేసినది. చల్లని కప్పు అంటే పెద్ద శాస్త్రము కాదు. ఎండను త్రిప్పికొట్టే తెల్లని పూత, లేదా తెల్లని పెంకుముక్కలు పరచుట.

నేను బడి లేబొరేటరీనుండి రెండు థర్మామీటర్లు తెచ్చి ఒక వేసవిలో పరీక్ష చేసినాను (ఉపాధ్యాయుని బుద్ధి పోదు). మధ్యాహ్నము మూడు గంటలకు ఒకటి రేకుల గదిలో, ఒకటి పాత మిషను బంగళా పెంకుల వరండాలో. ఆరు డిగ్రీల తేడా. తరువాత యౌవనస్థులచేత రేకులమీద మూడు పూతలు సున్నము కొట్టించి, మరల చూస్తే తేడా మూడు డిగ్రీలకు తగ్గినది. ఆ సున్నమునకు అయిన ఖర్చు మా మైకు సెట్టు వైర్లకు అయినంత కూడా లేదు. ఆ పని 2010లోనే చేయవచ్చును. చేయలేదు.

ఖర్చు తగ్గించుట, చల్లగా కట్టుట రెండూ ఎప్పుడూ శత్రువులు కావు. తిరువనంతపురములో ఉండిన లారీ బేకర్‌గారు దానికి సాక్షి. ఇంగ్లండులో పుట్టిన క్వేకరు విశ్వాసి. కుష్ఠరోగుల సేవకు 1945లో మన దేశమునకు వచ్చి, ఇక్కడే పెండ్లి చేసికొని, ఈ దేశపు పౌరుడై, 2007లో ఇక్కడే చనిపోయినారు. ఇటుకలను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే గోడను ఆయన విరివిగా కట్టించినారు. ఇటుకలు దాదాపు నాలుగవ వంతు మిగులుతాయి, మధ్యనున్న గాలి ఎండను ఆపుతుంది. స్లాబులో క్రిందిభాగమున కాంక్రీటుకు పని లేదు గనుక అక్కడ పాత పెంకులు పెట్టి పోయించేవారు. సిమెంటు మిగిలినది, వేడి తగ్గినది. కనుక ఆరు, ఎనిమిది అనే లెక్క మరికొంత బుద్ధిపెట్టితే ఏడు అగునేమో అని నాకు ఆశ ఉన్నది. తెలిసిన మేస్త్రీ దొరకవలెను, అదే కష్టము.

ఆశ సంగతి అటుంచి, ఏడు కాక ఆరే అయినప్పుడు? ఇక్కడ మా కమిటీలోని ఒక సహోదరుని మాట చెప్పాలి. రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు, నాకంటె పేదరికము ఎక్కువ చూచినవాడు. “మాస్టారూ, లోపల ఉన్నవానికి వేడిగా ఉందా చల్లగా ఉందా అని మీరు అడుగుతున్నారు. బయట నిలబడ్డవాణ్ణి ఎవరు అడుగుతారు? వానికి ముందు తలుపు కావాలి, తాళము కావాలి. ఆరుగురికి చల్లగా కట్టి ఇద్దరిని వీధిలో పెట్టడము ఏ ధర్మము?” అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఇంటికి వచ్చి కూడా చాలా దినములు చెప్పలేకపోయినాను. ఇది తేలికగా తీసివేయదగిన మాట కాదు.

ఇంకొక సంగతి కూడా ఆయన అన్నాడు, అదీ నిజమే. చల్లని ఇల్లు, మట్టి ఇల్లు, తాటాకు ఇల్లు అని పొగిడేవారు వాటిలో ఉండరు. మన పెద్దలు తాటాకు ఇళ్ళలో ఉన్నారు, ప్రతి వేసవిలో ఏదో ఒక పేట తగలబడినది. పల్లె చివర మన వారి వీధిలో మొదటి స్లాబు లేచిననాడు అది వేడిగా ఉన్నదని ఎవరూ అనుకోలేదు. తల ఎత్తుకొని నిలబడినట్టు అనుకొన్నారు. కనుక పేదవాడు మరల పూరిపాకకు పోవలెననే అర్థము వచ్చేటట్టు నేను ఒక్క మాట కూడా వ్రాయదలచలేదు. గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌లో నాకు నచ్చినదీ అదే. అవి చూచుటకు పేదవారి ఇళ్ళవలె లేవు.

సహోదరుని మొదటి మాటకు ఇప్పుడు నాకు తోచిన జవాబు ఇది. ఎనిమిది ఇళ్ళు అని మనము చెప్పుకొనేది మన లెక్కలో ఎనిమిది. మే నెల పగళ్ళలో అవి ఎనిమిది కావు. వేపచెట్టు క్రింద కూర్చున్నవారు ఇల్లు ఉన్నవారా లేనివారా? యాకోబు 2వ అధ్యాయములో, బట్ట లేనివానికి వెచ్చగా ఉండుమని చెప్పి ఒట్టి చేతులతో పంపేవాని సంగతి ఉన్నది. తాళపుచెవి ఇచ్చి, చల్లగా ఉండండి అని దీవించి, కరెంటు మీటరు మాత్రము వేరే పెట్టించిన మా కమిటీ ఆ మాటకు ఎంత దూరములో ఉన్నది? ఇద్దరికి ఇవ్వలేకపోయినామని మనకు తెలిసి ఉంటే, ఆ ఇద్దరి పేర్లు మన మినిట్సులో ఉంటాయి, ప్రతి సభలో ఎవరో ఒకరు అడుగుతారు, మనకు సిగ్గుగా ఉంటుంది, మరల చందా ఎత్తుతాము. ఎనిమిదీ కట్టి ఫోటో తీయించుకొంటే పని అయిపోయినదనుకొంటాము. లోపల ఉన్నవారు, ఊరకే వచ్చిన ఇల్లు గదా అని నోరు తెరవరు. తెరిచినా హాస్యమనుకొంటాము.

ఊరకే ఇచ్చుటలో ఈ ప్రమాదము ఉన్నది. 1876 నుండి 1878 వరకు కరువు వచ్చినప్పుడు క్లౌగ్ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తామే తీసికొని మన పూర్వులకు పని ఇచ్చి కూలి ఇచ్చినారు. కూలి తీసికొనేవాడు, తక్కువైతే తక్కువైనదని అడుగగలడు. నార్విచ్‌లో అద్దె కట్టేవారు కౌన్సిలును అడుగగలరు. మన అవ్వలు ఎవరిని అడుగుతారు? అందుచేత, ఇల్లు కట్టకముందే ఆ ఇంట్లో ఉండబోవు ఇద్దరు ముగ్గురిని కమిటీలో కూర్చోబెట్టుదామని నా మనవి. పాస్టరమ్మగారి కంటె ఎక్కువగా ఏ ఇంజనీరుకు తెలుసు, వంట ఇంటి కిటికీ ఏ వైపు ఉండాలో.

అయినా సహోదరుని మాటలో ఒక ముల్లు మిగిలే ఉన్నది. ఇంటికోసము ఎదురుచూచుచున్న విధవరాండ్రలో ఒకరు ఇప్పుడు కుమార్తె అత్తవారింటి వరండాలో పడుకొనుచున్నారు. ఆమెను నేను ఎరుగుదును. ఆమె ఆ ఆరుగురిలో లేకపోతే, ఈ వ్యాసము ఆమె చేతికి ఇచ్చి చదవండి అమ్మా అని చెప్పగలనా? చెప్పలేను. రేకుల గదే అయినా ఫరవాలేదు మాస్టారూ, ఈ వర్షాకాలము లోపల ఇప్పించండి అని ఆమె అడిగితే, నా డిగ్రీల లెక్క అక్కడ నిలువదు. అలాంటివారికి ఇల్లు లేచేవరకు అద్దె డబ్బు సంఘములు పంచుకొని కట్టాలని తీర్మానములోనే చేర్చితే తప్ప, ఆరు ఇళ్ళకు నేను చేయి ఎత్తను. చేర్చితే ఎత్తుతాను.

ప్లాను నకలు నా దగ్గరకు వచ్చినది. పడక గదికి పడమటి గోడలో పెద్ద కిటికీ గీసి ఉన్నది, పైన సన్‌షేడు కూడా లేదు. ఉత్తరపు గోడ ఖాళీగా ఉన్నది. పెన్సిలుతో గుర్తు పెట్టినాను. సభకు వచ్చేవారు తమ సంఘములో రేకుల గదులు ఉంటే, మధ్యాహ్నము మూడు గంటలకు ఒక అరగంట తలుపు వేసికొని లోపల కూర్చుండి రావలసినదిగా కోరుచున్నాను.